గతించిన యజమాని మోటారు బండి: వారసులు చేయవలసిన పనులు

మన పల్లెలలో గృహయజమాని గతించినప్పుడు భూమి సంగతి ఎవ్వరును మరువరు. పట్టా ఎవరి పేరిట మారవలెను, గట్టు ఎచ్చట పడవలెను అను ప్రసంగము పెద్దకర్మ నాటికే బంధువులలో పుట్టును. పశువులు, పాడి, గాదెలోని ధాన్యము మున్నగువాని పంపకమును పెద్దమనుష్యులు కూర్చుండి తీర్తురు. కాని కొట్టము ప్రక్కన నిలిచియున్న ట్రాక్టరు గాని, కారు గాని, మోటారు సైకిలు గాని ఎవరి పేరిట నున్నదని అడుగువారు అరుదు. తాళపుచెవి ఎవరి చేతిలో నున్న బండి వారిదే యని తలంచి, మరునాటి నుండి పెద్ద కుమారుడు దానిని నడుపుకొనుచుండును. ఏండ్లు గడచును. బండి కాగితములలో మాత్రము గతించిన తండ్రియే యజమానిగా నుండును.

ఈ యుపేక్ష వలన కలుగు నష్టములను, వానిని తప్పించుకొను మార్గమును సభ్యులకు తెలుపుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. ట్రాక్టరు నేడు ఎద్దుల జతకు బదులుగా వచ్చిన సాధనము. దాని వెల కొన్ని లక్షల రూపాయలు. పెక్కు కుటుంబములలో భూమి తరువాత అంత విలువగల సొత్తు మరియొకటి లేదు. అట్టి సొత్తును చనిపోయినవాని పేరిట నుంచి నడుపుట, కట్టుగొయ్య లేని యెడ్లను బజారున విడుచుట వంటిది.

చట్టము దృష్టిలో యజమాని యెవరు?

1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ప్రకారము, ఎవరి పేరిట బండి రిజిస్టరు కాబడి యున్నదో వారే దాని యజమాని. ఆ పేరు గలవాడు మైనరైనచో అతని సంరక్షకుడు యజమానియగును. బండిని ఎవరు కొనిరి, ఎవరు నడుపుచున్నారు, డీజిలు ఎవరు పోయించుచున్నారు అను విషయములు తరువాతివి. ఒకడు తన బండిని అమ్మివేసి, పేరు మార్పింపక యుండగా, అది చేతులు మారి కడపట ప్రమాదము జరిగిన సందర్భమున, రికార్డులో పేరున్న మొదటి యజమానియే నష్టపరిహారమునకు బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. రికార్డులోని పేరునకు ఎంత బలము కలదో దీనివలన తెలియగలదు.

ఆ పేరు గలవాడు మరణించినచో ఏమగును? ఒక ఉదాహరణమును ఊహింతము. ఒక రైతు వేసవిలో గతించినాడు. ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె, భార్య కలరు. పెద్ద కుమారుడు ట్రాక్టరును నడుపుకొనుచున్నాడు, కాగితములను మార్పింపలేదు. సంక్రాంతికి ముందు ధాన్యము తోలుచుండగా చీకటిలో ఒక సైకిలువాడు ట్రెయిలరు క్రింద పడి ప్రాణములు కోల్పోయినాడు. బాధితుని కుటుంబము మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునలులో దావా వేసినది. బీమా కంపెనీవారు, తాము బీమా యిచ్చిన మనిషి గతించి యెనిమిది నెలలైనదనియు, ఆ సంగతి తమకు ఎవ్వరును తెలుపలేదనియు వాదమునకు దిగుదురు. అన్నదమ్ములు, తోబుట్టువు, ముసలి తల్లి, బండి నెన్నడును తాకనివారు సైతము, వారసులైన కారణమున కోర్టు మెట్లెక్కవలసి వచ్చును. ఇది కల్పించిన ఉదాహరణమే యైనను ఇట్టి చిక్కు ఏ యింటనైనను రాదగినదే.

ప్రమాదము జరుగకున్నను ఇబ్బందులు లేకపోవు. బండి నమ్మబోయిన కొనువాడు వెనుదీయును. దానిపై అప్పు కావలెనన్న బ్యాంకువారు ఈయరు. తనిఖీలో పట్టుబడిన బండిని విడిపించుకొనుటకు యజమాని రావలెనందురు. యజమాని యెక్కడి నుండి రాగలడు?

మూడు గడువులు

ఈ పనిలో ముఖ్యముగా జ్ఞాపకముంచుకొనవలసినవి మూడు గడువులు.

మొదటిది 21 దినములు. 1969 సంవత్సరపు జనన మరణముల రిజిస్ట్రేషను చట్టమును బట్టి మరణమును 21 దినములలోపల నమోదు చేయింపవలెను.

రెండవది 30 దినములు. 1989 సంవత్సరపు కేంద్ర మోటారు వాహనముల నియమావళిలో 56వ నియమము ప్రకారము, బండి యెవరి స్వాధీనములోనికి వచ్చినదో వారు, యజమాని మరణించిన 30 దినములలోపల, ఆ మరణ వార్తను, తాము బండిని వాడుకొనదలచిన సంగతిని రిజిస్టరు చేయు అధికారికి, అనగా రవాణా శాఖ కార్యాలయమునకు, తెలుపవలెను. ఇట్లు తెలిపినవారు మూడు నెలలపాటు ఆ బండిని తమ పేరిట మారినదానివలెనే వాడుకొనవచ్చును.

మూడవది మూడు నెలలు. ఈ లోపల 31వ నంబరు ఫారముతో పేరు మార్పునకు దరఖాస్తు చేయవలెను.

మాసికములు పెట్టు కుటుంబములవారు ఈ గడువులను సులభముగా గుర్తుంచుకొనవచ్చును. మొదటి మాసికము నాటికి రవాణా కార్యాలయమునకు ఉత్తరము చేరవలెను. మూడవ మాసికము నాటికి దరఖాస్తు చేరవలెను. దృష్టాంతమునకు, జూన్ 10వ తేదీన యజమాని గతించినాడనుకొందము. జూలై 1వ తేదీ లోపల మరణము నమోదు కావలెను. జూలై 10 లోపల రవాణా కార్యాలయమునకు వర్తమానము పోవలెను. సెప్టెంబరు 10 లోపల ఫారము దాఖలు కావలెను. ఉత్తరమును చేతికిచ్చినచో నకలుపై ముద్ర వేయించుకొనవలెను. టపాలో పంపినచో రిజిస్టరు టపాలో పంపి రసీదును భద్రపరుపవలెను. ఆ చిన్న కాగితమే మూడు నెలల కాలమునకు మీకు రక్షణ.

గడువు దాటినంత మాత్రమున దారి మూసికొనిపోదు. జరిమానా చెల్లించి పేరు మార్పించుకొనుటకు చట్టములో వీలు కలదు. కావున తండ్రి గతించి రెండు మూడేండ్లైన కుటుంబములవారు సిగ్గుపడి మిన్నకుండక, ఇప్పుడైనను కదలుట మేలు.

మరణ ధ్రువపత్రము, కుటుంబ సభ్యుల పత్రము

మరణము ఇంటివద్ద జరిగినచో గ్రామ పంచాయతీ కార్యదర్శివద్ద నమోదు చేయింపవలెను. పట్టణములోని ఆసుపత్రిలో జరిగినచో ఆ పట్టణములోనే నమోదగును గాని స్వగ్రామమున కాదు. పెక్కురు ఈ తేడా నెరుగక తమ పంచాయతీ చుట్టు తిరిగి కాలము గోల్పోవుచున్నారు. మరణము జరిగిన చోటు ఏదో ఆ చోటనే నమోదని గుర్తుంచుకొనవలెను. ఆసుపత్రి నుండి శరీరమును తెచ్చుకొనునప్పుడే, నమోదునకై వారేమి పంపుదురో, పత్రము ఎచ్చట పుచ్చుకొనవలెనో అడిగి తెలిసికొనుట మంచిది.

21 దినములు దాటి 30 దినముల లోపలనైనచో ఆలస్యపు రుసుముతో నమోదు చేయుదురు. 30 దినములు దాటి సంవత్సరములోపలనైనచో నియమితాధికారి వ్రాతపూర్వకమైన అనుమతి కావలెను. సంవత్సరము దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువు కావలెను. 2023లో చేయబడిన సవరణ వలన ఈ యుత్తరువు నిచ్చు అధికారము జిల్లా మేజిస్ట్రేటునకు, సబు డివిజనలు మేజిస్ట్రేటునకు, జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివు మేజిస్ట్రేటునకు వచ్చినది. ధ్రువపత్రములో పేరు, తండ్రి పేరు, తేదీ ఆధారు కార్డునందును బండి రిజిస్ట్రేషను పత్రమునందును ఉన్నట్లే యున్నవా యని అప్పుడే సరిచూచుకొనవలెను. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, మరియొకచోట పొడి అక్షరముగా నుండుట మనవారి కాగితములలో సర్వసాధారణము; ఆ చిన్న భేదము తరువాత పెద్ద తిరుగుడునకు హేతువగును.

రెండవ పత్రము కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెంటియందును దీనిని తహసీలుదారు ఇచ్చును. మీసేవ కేంద్రము ద్వారా దరఖాస్తు చేసికొనవచ్చును. గతించినవానికి ఎవరెవరు వారసులు కలరో ఈ పత్రము తెలుపును. ఇది బండి పనికే గాక, బ్యాంకు ఖాతాలకు, పింఛనునకు, సంఘములోని వాటా ధనమునకు కూడ ఉపకరించును. దీనిలో ఒక్కరి పేరైనను విడువకుండ వ్రాయింపవలెను. పెండ్లియై వెళ్లిన ఆడుబిడ్డ పేరును దాచి పత్రము తీసిన పిదప ఆమె ఆక్షేపించినచో పని యంతయు మొదటికి వచ్చుటయే గాక, అబద్ధము చెప్పిన దోషము కూడ తగులును.

బండి యెవరికి చెందును?

వీలునామా యున్నచో దాని ప్రకారము జరుగును. లేనిచో, హిందువులకు 1956 సంవత్సరపు వారసత్వ చట్టము వర్తించును. ఆ చట్టము ప్రకారము, గతించిన పురుషుని స్వార్జిత ఆస్తి మొదటి తరగతి వారసులైన భార్యకు, కుమారులకు, కుమార్తెలకు, తల్లికి సమానముగా చెందును. ముందే గతించిన కుమారుడున్నచో అతని భాగము అతని భార్యాబిడ్డలకు పోవును. మహమ్మదీయ సోదరులకు వారి ధర్మశాస్త్రమును, క్రైస్తవ సోదరులకు 1925 సంవత్సరపు భారత వారసత్వ చట్టమును వర్తించును.

ఇందు మనవారు సామాన్యముగా మరచువారు ఇద్దరు: గతించినవాని తల్లి, పెండ్లియైన కుమార్తె. బండి మగవాని సొత్తను నమ్మకము వలన వీరి నడుగుటయే లేదు. చట్టములో వారికిని కుమారునితో సమానమైన భాగము కలదు. ట్రాక్టరును కోసి పంచుకొనలేము గదా! కావున అందరును కలిసికొని, బండి యెవరికి చెందవలెనో, దానికి బదులుగా తక్కినవారికి ఏమి ముట్టవలెనో నిర్ణయించుకొని, ఒక కాగితముపై వ్రాసికొనుట యుత్తమము. పిమ్మట, ఫలానావారి పేరిట బండి మారుటకు మాకు ఆక్షేపణ లేదని తక్కిన వారసులు అఫిడవిట్టు చేసి ఈయవలెను. రవాణా కార్యాలయములు దీనిని సాధారణముగా అడుగుచుండును.

భార్య పేరిట బండి మారరాదని కొందరందురు. ఆమెకు బండి నడుపుట రాదు, లైసెన్సు లేదని కారణము చెప్పుదురు. ఇది పొరపాటు. బండి కలిగియుండుటకు లైసెన్సు అక్కరలేదు, నడుపుటకే కావలెను. పిల్లలు చిన్నవారైన యింట తల్లి పేరిట నుంచి, జీతగానిచేతనో, మరదిచేతనో, లైసెన్సు గలవానిచేత నడిపించుకొనుట మిక్కిలి క్షేమము. బండి మరది పేరిట మారిపోయిన పిదప పసిపిల్లల తల్లి తన పొలము దున్నించుకొనుటకు బ్రతిమాలుకొనవలసిన స్థితి రాకూడదు.

నేడు ఊరికి ఇద్దరు ముగ్గురైనను బిడ్డలు అమెరికాలోనో, గల్ఫు దేశములలోనో యున్నారు. వారి సమ్మతి కావలసినప్పుడు అచ్చటి భారత రాయబార కార్యాలయమునందు గాని కాన్సులేటునందు గాని సంతకమును ధ్రువపరచి పంపుట వాడుక. టపాకు, కార్యాలయపు గడువునకు దినములు పట్టును గనుక, ఈ పనిని మొదటి నెలలోనే మొదలిడవలెను. కుమారుడు కర్మకై వచ్చియున్నచో, తిరిగి పోకముందే అతని సంతకముతో అఫిడవిట్టు చేయించుకొనుట ఇంకను తేలిక.

దరఖాస్తు చేయు విధము

31వ నంబరు ఫారముతో కేంద్ర నియమావళి ప్రకారము జత చేయవలసినవి ఇవి: మరణ ధ్రువపత్రము, బండి రిజిస్ట్రేషను పత్రము, బీమా పత్రము, నియమిత రుసుము. వీనితోపాటు కుటుంబ సభ్యుల పత్రమును, తక్కిన వారసుల అఫిడవిట్టులను, చిరునామా ఋజువును, కాలుష్య పరీక్ష పత్రమును కార్యాలయమువారు అడుగుట కలదు. బండిపై జరిమానా చలానులు మిగిలియున్నచో ముందుగా వానిని చెల్లింపవలెను. పన్ను బాకీ యున్నచో తీర్పవలెను. మొదటిసారి పోయినప్పుడే కావలసిన పత్రముల పట్టికను అడిగి వ్రాసికొని వచ్చినచో పలుమార్లు తిరుగు బాధ తప్పును.

దరఖాస్తు, బండిని తీసికొనువాని నివాసమున్న ప్రాంతపు అధికారికి, అనగా బండి సాధారణముగా నిలుచు చోటి అధికారికి, ఈయవలెను. తండ్రి హైదరాబాదులో కారు కొని వాడుకొనగా, ఇప్పుడు కుమారుడు దానిని కృష్ణా జిల్లాలోని స్వగ్రామమునకు తెచ్చుకొనదలచినచో అది రాష్ట్రము మారినట్లు. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ వేరు రాష్ట్రమైనది గదా! అప్పుడు మొదటి కార్యాలయము నుండి ఆక్షేపణ లేదను పత్రమును తెచ్చుకొనవలెను. పన్ను విషయమును విచారింపవలెను. పండ్రెండు నెలలకు మించి ఈ రాష్ట్రమున నుంచునెడల క్రొత్త నంబరు పుచ్చుకొనవలెను.

ట్రాక్టరు గల సభ్యులు మరియొక సంగతి గమనింపవలెను. ట్రెయిలరు కూడ చట్టములో మోటారు వాహనమే. దానికి వేరుగా రిజిస్ట్రేషను, వేరుగా నంబరు కలవు. ఇంజను పేరు మార్చి ట్రెయిలరును మరచినచో పని సగమే యైనట్లు. అట్లే, సొంత వాడుక బండి రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లుననియు, పిమ్మట ఐదేసి యేండ్లకు మార్చుకొనవలెననియు నెరిగి, తండ్రినాటి పాత బండికి ఆ కాలము తీరినదేమో చూచుకొనవలెను.

బండిపై అప్పున్నచో

పెక్కు ట్రాక్టరులు సహకార బ్యాంకు అప్పుతోనో, వాణిజ్య బ్యాంకు అప్పుతోనో, ప్రైవేటు ఫైనాన్సు అప్పుతోనో కొనబడినవే. అప్పిచ్చినవారి పేరు రిజిస్ట్రేషను పత్రములో వ్రాయబడియుండును. వారి వ్రాతపూర్వకమైన సమ్మతి లేనిదే పేరు మార్చరాదని చట్టములో 51వ సెక్షను చెప్పుచున్నది. కావున రవాణా కార్యాలయమునకు పోకముందే బ్యాంకునకో సంఘమునకో పోయి మరణ సంగతిని తెలుపవలెను.

అప్పుడు మూడు విషయములు విచారింపవలెను. ఒకటి, అప్పుతోపాటు గతించినవానిపై జీవిత బీమా యేదైనను చేయబడెనా? చేయబడియున్నచో అప్పు ఆ బీమా సొమ్ముతో తీరవచ్చును; అడుగనివారికి అది తెలియకయే పోవచ్చును. రెండు, ఎంత బాకీ మిగిలినది? వాయిదాల వివరమును వ్రాతమూలముగా పుచ్చుకొనవలెను. మూడు, జామీను ఎవరిచ్చిరి?

తండ్రి అప్పునకు కుమారుడు తన సొంత ఆస్తి నమ్మియైనను తీర్పవలెనని పల్లెలలో బెదిరింపులు వినబడుచుండును. తండ్రి నుండి సంక్రమించిన ఆస్తి మేరకే వారసులు బాధ్యులు. కుమారుడగుటచే పిత్రూణము తీర్పవలెనను ధర్మమును మాత్రమే ఆధారము చేసికొని దావా వేయుటకు 2005 సవరణ తరువాత చేయబడిన అప్పుల విషయమున వీలు లేదు. అయితే కుమారుడు తానే జామీను సంతకము చేసియున్నచో, లేక అప్పులో తానును పాలుగా సంతకము చేసియున్నచో, అతడు తన సంతకము వలననే బాధ్యుడగును.

అప్పు తీరిన పిదప బ్యాంకువారి నుండి బాకీ లేదను పత్రమును, 35వ నంబరు ఫారమును పుచ్చుకొని రిజిస్ట్రేషను పత్రములో వారి పేరును తీసివేయింపవలెను. అప్పు ఎప్పుడో తీరినను పేరు తీయింపక విడిచిన కుటుంబములు కలవు. యజమాని బ్రతికియుండగా ఒక పూటలో ముగియు ఈ పని, అతడు గతించిన పిదప వారసులకు ఎన్నో దినముల తిరుగుడగును.

బీమా సంగతి

బీమా లేక బండిని రోడ్డుపై నడుపరాదు. నడిపినచో మొదటి తప్పునకు 2,000 రూపాయలు, తిరిగి చేసినచో 4,000 రూపాయలు జరిమానా గాని, మూడు నెలల వరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును. యజమాని గతించినచో బీమా వెంటనే రద్దు కాదు. మరణ దినము నుండి మూడు నెలలు గాని, బీమా గడువు తీరు దినము వరకు గాని, ఏది ముందైన అంతవరకు చెల్లును. పై యుదాహరణములో బీమా ఆగస్టు 5న తీరునదైనచో సెప్టెంబరు వరకు నిశ్చింతగా నుండరాదు. ఈ కాలములోపల వారసుడు కంపెనీకి వ్రాసి, మరణ పత్రమును, బండిపై తన హక్కునకు ఆధారమును, పాత పాలసీని చూపి, తన పేరిట మార్పించుకొనవలెను. లేదా క్రొత్త బీమా తీసికొనవలెను.

ఇంకొక సంగతి అంతకంటెను ముఖ్యము. యజమాని తన బండిని తానే నడుపుచు ప్రమాదములో మరణించినచో, పాలసీలో యజమాని-చోదకునికి వ్యక్తిగత ప్రమాద రక్షణ కలదేమో చూడవలెను. 2018 నుండి ఈ రక్షణ మొత్తము 15 లక్షల రూపాయలుగా నిర్ణయింపబడినది. దీనికి తప్పు ఎవరిదను ప్రశ్న లేదు. కాలువగట్టుపై ట్రాక్టరు తనంతట తిరుగబడి యజమాని క్రింద పడినను వర్తించును. కాని అతనికి తగిన డ్రైవింగు లైసెన్సు ఉండవలెను. బండియు బీమాయు అతని పేరిట నుండవలెను. ఇట్టి హక్కు కలదని తెలియక ఊరకున్న కుటుంబమునకు అది తీరని నష్టము. చనిపోయిన తండ్రి పేరిట నున్న బండిని నడుపు కుమారునికి, దైవవశమున ప్రమాదము జరిగినచో, ఈ రక్షణ దొరకుట కష్టము. పేరు మార్పు యొక్క విలువ ఇక్కడ స్పష్టమగుచున్నది.

చేయరాని పనులు

గతించినవాని సంతకమును వేరొకరు చేసి, అతడు బ్రతికియుండగానే బండి నమ్మినట్లు 29, 30 నంబరుల ఫారములను పుట్టించుట కొందరు దళారులు సూచించు మార్గము. అది ఫోర్జరీ. మరణ తేదీ పంచాయతీ రికార్డులో నుండగా, ఆ తేదీ తరువాతి సంతకము ఏనాడైనను బయటపడును. ఫారము 31తో నేరుగా పోవు మార్గముండగా ఈ దొంగదారి యేల?

బండి నమ్మదలచినను ముందు వారసుని పేరిట మార్చి, పిదప అమ్మవలెను. కాగితములు లేకుండ తక్కువ ధరకు అమ్మివేసి చేతులు దులుపుకొన్న కుటుంబమునకు, ఆ బండి చేయు ప్రతి ప్రమాదమును తిరిగి గడపకు వచ్చును.

తండ్రి మోటారు సైకిలును పదునారేండ్ల బాలునికి అప్పగించుట మూడవ తప్పు. 2019 సవరణ ప్రకారము మైనరు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకునికి గాని యజమానికి గాని మూడేండ్ల వరకు ఖైదును, 25,000 రూపాయల జరిమానాయు కలుగవచ్చును. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును. భర్తను గోల్పోయిన తల్లికి ఈ యాపద కూడ తెచ్చిపెట్టరాదు.

బ్రతికియుండగా చేయదగినది

దీపముండగానే యిల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలు చెప్పుదురు. 2021లో కేంద్ర నియమావళికి జరిగిన సవరణ వలన బండి యజమాని తన రిజిస్ట్రేషనులో నామినీ పేరును వ్రాయించుకొనవచ్చును. బండి కొనునప్పుడే కాక తరువాతనైనను వ్రాయింపవచ్చును. కుటుంబములో పంపకము, విడాకులు మున్నగునవి జరిగినప్పుడు మార్చుకొనవచ్చును. యజమాని గతించినచో ఆ నామినీయే 30 దినములలోపల తెలిపి, మూడు నెలలలోపల తన పేరిట మార్పించుకొనును. సంఘములో వాటా ధనమునకు నామినీని వ్రాయు మనకు ఈ పద్ధతి క్రొత్త కాదు.

అయితే నామినీ యగుటచే తక్కిన వారసుల హక్కు నశించునని తలంపరాదు. కంపెనీ వాటాల విషయమున నామినీ వేరు, వారసుడు వేరని 2023లో సుప్రీంకోర్టు స్పష్టముగా చెప్పినది. నామినీ వలన కార్యాలయపు పని సులభమగును, పంపకము పంపకమే. బండి ఫలానావారికే చెందవలెనన్న కోరిక గలవారు వీలునామా వ్రాయుట మేలు.

కావున సభ్యులెల్లరును ఈ మాసములో ఒక సాయంత్రము తమ బండి కాగితములను బయటికి తీసి చూచుకొనవలెనని మా మనవి. రిజిస్ట్రేషను పత్రములో ఎవరి పేరున్నది, అప్పిచ్చినవారి పేరు ఇంకను నిలిచియున్నదా, బీమా ఏనాడు తీరును, లైసెన్సు గడువు కలదా, ట్రెయిలరు కాగితములెచ్చట అను ఐదు ప్రశ్నలకు జవాబులను ఒక కాగితముపై వ్రాసి, ఆ కాగితమును పాసుపుస్తకముతో కలిపి పెట్టి, ఎచ్చట పెట్టినది ఇంటి ఆడువారికి చెప్పవలెను. మన సంఘములో ఎవరైన సభ్యుడు గతించినచో, పరామర్శకు పోవు పాలకవర్గమువారును పొరుగు రైతులును ఆ కుటుంబమునకు 30 దినముల గడువును గుర్తుచేయుట కూడ సహకార ధర్మమే. దుఃఖములో నున్నవారికి గడువులు జ్ఞాపకముండవు. జ్ఞాపకము చేయు బాధ్యత మనది.